బడెనయ్య దగ్గర నేర్చిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో మా వైపు ఇంగ్లీషు వచ్చినవాడికి ఉన్న మర్యాద ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. ఎవరింటికైనా తపాలాఫీసు నుంచి తంతి వస్తే చదివిపెట్టమని వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. నేను చదివేదాకా ఆ ఇంటి ఆడవాళ్ళు ఏడవడానికి సిద్ధంగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేవాళ్ళు. శుభవార్త అయితే అదంతా నా చలవే అన్నట్టు మజ్జిగ ఇచ్చి పంపేవాళ్ళు. అంత మర్యాద తెచ్చిపెట్టిన ఆ ఇంగ్లీషే నా కొంప ముంచుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. అసలు ఇంగ్లీషులో రెండు తెగలున్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది. మదనపల్లెలో మిషన్ బడి ఇంగ్లీషు ఒకటి, కుప్పంలో సర్కారు కచేరీ ఇంగ్లీషు ఒకటి. మొదటిదానికి ప్రతి పనికీ దాన్ని చేసినవాడు ఒకడు ముందర నిలబడాలి. రెండోదానికి పని జరిగితే చాలు, చేసినవాడు మాత్రం కనబడకూడదు. మాది పుంగనూరు, రెండు ఊళ్ళకూ నడుమ. అటు చదివి, ఇటు ఉద్యోగం చేసి, నేను రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

మదనపల్లె బడిలో మాకు ఇంగ్లీషు చెప్పింది హెడ్మాష్టరయ్య. సన్నటి మనిషి, ఎండాకాలంలో కూడా నల్లకోటు విప్పేవాడు కాదు. మేము రాసిన వ్యాసాల్లో ఎక్కడైనా 'పని చేయబడింది' అనే తరహా వాక్యం కనబడితే పక్కన ఎర్రసిరాతో 'బై హూమ్?' అని రాసేవాడు, అంటే 'ఎవరి చేత?' అని. అందుకని పిల్లలందరం ఆయన్ను చాటుగా బైహూమయ్య అనేవాళ్ళం. ఒకసారి బంతి తగిలి తరగతి కిటికీ అద్దం పగిలింది. ఆయన వచ్చి అడిగితే మేమంతా ముక్తకంఠంతో "అద్దం పగిలిపోయిందయ్యా" అన్నాం. మన తెలుగులో ఆ సదుపాయం ఉంది కదా, కుండ పగులుతుంది, పాలు పొంగిపోతాయి, గొడుగు పోతుంది, మధ్యలో మనిషి ఉండడు. ఆయన చాలాసేపు మా మొహాలు చూసి, "దానంతట అదే పగిలిందా? దానికేమన్నా బతుకు మీద విరక్తి పుట్టిందా అప్పా? సేసినోడు లేకుండా ఈ లోకంలో ఏ పనీ జరగదు. ఎవురో ఒకడు లేచి 'నేను' అనండి, కొట్టను" అన్నాడు. ఎవ్వరం లేవలేదు. ('నేను' అని లేచివుంటే నిజంగానే కొట్టేవాడు కాదని ఇప్పుడు నమ్ముతున్నాను. అప్పుడు నమ్మలేదు.)

ఆ హెడ్మాష్టరయ్యకు ఒక కూతురు ఉండేది. నాకన్నా రెండేళ్ళు చిన్నది. ట్రైనింగు ముగించి ఆడపిల్లల మిషన్ బడిలో టీచరుగా చేరింది. చర్చిలో పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు తమ గొంతు తగ్గించుకునేవాళ్ళు. మాట కూడా అంతే, సూటిగా ఉండేది. బడి రోజుల్లో నేనున్న మదనపల్లె క్రైస్తవుల వీధిలో మగపిల్లలందరినీ 'అన్నా' అని పిలవడం ఆనవాయితీ. ఆమె కూడా అందరినీ అన్నా అనేది. నన్ను మాత్రం ఏమీ అనేది కాదు. "ఇట్రా", "ఈ బెంచీ పట్టుకో", "యాడికి పోతాండావు?" అనేదే తప్ప వెనక అన్నా అనే తోక ఉండేది కాదు. ఆ తోక లేకపోవడం మీదే నేను ఎస్సెల్సీ నుంచి ఉద్యోగం దాకా బతికాను. ఎంత బలహీనమైన ఆధారమో మీరే చూడండి. కానీ ఆ వయసులో అంతకంటే గట్టి ఆధారం ఎవరికి దొరుకుతుంది?

యుద్ధం నడుస్తున్న రోజులవి. సరుకుల మీద కంట్రోళ్ళు వచ్చి, రాగులకూ కిరసనాయిలుకూ లెక్కలు రాసేవాళ్ళు కావలసివచ్చి, కుప్పంలో ఒక సర్కారు కచేరీలో నాకు గుమాస్తా పని దొరికింది. అక్కడి హెడ్ గుమాస్తా పంచకట్టు మీద కోటు వేసి, తలపాగా చుట్టి, కుర్చీలో మఠం వేసుకుని కూర్చునే పెద్దాయన. చేరిన వారంలోనే నన్ను రామకుప్పం పంపి అక్కడి రాగుల మూటలు చూసి రమ్మన్నాడు. చూసివచ్చి నేను బైహూమయ్య శిష్యుణ్ణని తెలిసేలా 'నేను రామకుప్పం వెళ్ళితిని, నేను మూటలు లెక్కించితిని, నేను కొన్ని తడిసినవి చూచితిని' అని చక్కటి ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి, నన్ను జాలిగా చూశాడు.

"ఈ 'ఐ' ఎవురప్పా?" అన్నాడు.

"నేనేనండీ."

"నువ్వా! ఈ కచేరీలో 'ఐ' అని రాసే హక్కు కింద సంతకం పెట్టే ఆఫీసరు దొరకు ఒక్కడికే ఉండాది. మనబోటి వాళ్ళకు ఆ అచ్చరం అచ్చిరాదు. సూడు, రేపు ఆ మూటలు తక్కువయినాయనుకో, పైనుంచి ఎవురో వచ్చి 'ఐ'ని పట్టుకుంటారు. 'ఐ' యాడుండాడు? ఈడ కూసోనుండాడు, పుంగనూరోడు, కొత్తగా సేరినాడు. అదే 'మూటలు తడిసినట్లు కనుగొనబడెను' అని రాసినామనుకో, ఎవుర్ని పట్టుకుంటారు? కనుగొనబడినదాన్ని పట్టుకునేదానికి పోలీసోళ్ళకు కూడా శాతగాదు."

ఇంత వివేకం మా బడిలో ఎవరూ చెప్పలేదు. ఆయన నా కాగితం మీద ప్రతి 'ఐ'నీ కొట్టేసి 'కనుగొనబడెను, లెక్కించబడెను, తెలియవచ్చెను' అని దిద్దాడు. దిద్దినకొద్దీ నాకు భయం పోయింది, చలిలో కంబళి కప్పినట్టు అనిపించింది. కచేరీ వాళ్ళందరూ ఆయన్ను బడెనయ్య అంటారని తరవాత తెలిసింది. ఆయన దగ్గర ఏడాదిలో నేను ఎంత పనిమంతుణ్ణయ్యానంటే, కచేరీలో కుర్చీ విరిగినా, సిరాబుడ్డి ఒలికినా, సెలవు మీద పోయినవాడు తిరిగి రాకపోయినా, ఆ సంగతి మనిషి ప్రమేయం లేకుండా రాయాలంటే నన్నే పిలిచేవాళ్ళు. ముఖ్యంగా సిరాబుడ్డి ఒలికినప్పుడు. (ఒలకబోసేవాళ్ళలో బడెనయ్య మొదటివాడు.)

అయితే నేర్చిన విద్య కచేరీలోనే వదిలి రావడానికి అది చొక్కా కాదు కదా! పుంగనూరు పోతే మా అమ్మ "తిన్నావా నాయనా?" అనేది. "తినడం జరిగిందమ్మా" అనేవాణ్ణి. "జరిగేదేందిరా, అదేమన్నా తిరునాళ్ళా?" అని ఆమె కొట్టిపారేసేది. సంగటి ఇంకో ముద్ద వెయ్యనా అంటే, వెయ్యమని గానీ వద్దని గానీ అనకుండా "వేస్తే అభ్యంతరం లేదు" అనేవాణ్ణి. మా నాయన ఆ ఊళ్ళో మందులిచ్చే కాంపౌండరు. నా మాటతీరు విని, "వీనికి కడుపులో ఏదో పట్టేసినట్టుండాది" అని విరేచనానికి మందు కూడా ఇచ్చాడు. అది పనిచేసింది గానీ నా మాట మారలేదు.

ఇంతలో మదనపల్లె చర్చిలో కోత పండగ వచ్చింది. మా వాళ్ళల్లో కోత పండగంటే, ఎవరి కష్టార్జితంలో వాళ్ళు ఒక వస్తువు తెచ్చి దేవుడికి ఇస్తారు. ఆరాధన అయ్యాక వాటిని చర్చి బయట వేలం వేస్తారు. కోళ్ళు, చెనక్కాయలు, బెల్లం, ఆడవాళ్ళు చేసిన పిండివంటలు. హెడ్మాష్టరయ్య కూతురు డబ్బా నిండా కజ్జికాయలు తెచ్చింది. ఆ డబ్బా వేలానికి రాగానే ఆమె గుంపులో ఉన్న నావైపు ఒక్కసారి చూసింది. ఒక్కసారే, కానీ ఆ చూపులో సందేహానికి తావులేదు. నేను పాడాలి. వేలం పాట వేసే పెద్దమనిషి "ఒకటోసారి" అన్నాడు. ఇప్పుడే పాడితే జనం ఏమనుకుంటారో అని ఆగాను. "రెండోసారి" అన్నాడు. పాడితే ఇక నేను పాడినట్టే కదా, వెనక్కి తీసుకోవడానికి ఉండదు కదా అని నా లోపలి బడెనయ్య హెచ్చరించాడు. "మూడోసారి" అన్నాక నా చెయ్యి లేచింది. అప్పటికే కజ్జికాయలు ఆసుపత్రి పెద్ద నర్సమ్మ సంచిలో పడ్డాయి. లేపిన చెయ్యి దించాలన్న ధ్యాస నాకు లేదు, తరవాతి వస్తువుకు పోటీ ఎవరూ లేరు, అందుకని బండ గుమ్మడికాయ ఒకటి నా పేర పాట ఖాయం చేశారు. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని నిలబడి ఉంటే ఆమె పక్కనుంచి పోతూ, "గుమ్మడికాయంటే అంత ఇష్టమని నాకు తెలియదు" అంది. ఆ కాయను బస్సులో ఒళ్ళో పెట్టుకుని పుంగనూరు పోతూ దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ గుమ్మడికాయ పులుసు తింటూనే మా నాయన, "నీకు యాడన్నా మనసుండాదా?" అని అడిగాడు. అడిగించుకున్నాక చెప్పక తప్పలేదు. ఆయన సంతోషించి, "హెడ్మాష్టరయ్య ఇంగ్లీషు మనిషి, మంచి ఇంగ్లీషులో నువ్వే ఒక జాబు రాయి, ఆ తరవాత పాస్టరయ్యను ఎంటబెట్టుకుని నేను పోయి మాట్లాడతాను" అన్నాడు. నేను కుప్పం చేరి, కచేరీలో కూర్చుని, శుభ్రమైన కాగితం మీద ఆ జాబు రాశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా మరేదీ రాయలేదు. చాలదన్నట్టు బడెనయ్యకు చూపించాను. ఆయన మెచ్చుకుని, రెండుచోట్ల ఇంకా జాగ్రత్తలు చేర్చాడు. దాన్ని తెలుగులో చెప్పాలంటే సుమారుగా ఇలా ఉంటుంది. 'విషయము: వివాహము. సందర్భము: గత కోత పండుగనాటి మౌఖిక సంభాషణ. తమ కుమార్తె వివాహమాడబడవచ్చునను ప్రతిపాదన ఇందుమూలముగా సమర్పించబడుచున్నది. ఇట్టి వివాహము ఉభయపక్షములకు శ్రేయస్కరమని భావించబడుచున్నది. సదరు ప్రతిపాదన అనుకూలముగా పరిశీలించబడినచో కృతజ్ఞత వ్యక్తపరచబడును.' చివర బడెనయ్య సొంతంగా కలిపిన వాక్యం: 'ఇది ఇతర సందర్భములకు పూర్వోదాహరణముగా గ్రహించబడరాదు.' పోస్టు డబ్బాలో వేసి, స్టేషను దాకా నడిచిపోయి, బెంగుళూరు బండి వచ్చిపోయేదాకా అక్కడే తిరిగాను. అంత సంతోషం పట్టలేకపోయాను.

జవాబుగా నా కాగితమే తిరిగి వచ్చింది. ప్రతి వాక్యం పక్కనా ఎర్రసిరాతో అదే ప్రశ్న. వివాహమాడబడవచ్చును, ఎవరి చేత? భావించబడుచున్నది, ఎవరి చేత? కింద తెలుగులో, 'నాయనా, అంతా బాగానే రాసినావు. పెళ్ళి చేసుకునేది ఎవరో రాయలేదు. ఆ ముక్క రాసి పంపు' అని ఉంది. ఇప్పుడు చదివితే అందులో ఎంత ప్రేమ ఉందో చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. తలుపు తీసిపెట్టి లోపలికి రమ్మంటున్నాడు. నాకు మాత్రం ఆ ఎర్రసిరా చూడగానే బడి గుర్తుకొచ్చింది. మార్కులు పోయాయనుకున్నాను.

ఆ ఒక్క ముక్క రాయడానికి కూర్చున్నాను. 'నేను మీ కుమార్తెను వివాహమాడగోరుచున్నాను.' అంతే, ఇంతకంటే కష్టమేమీ లేదు. 'ఐ' అని నిలువుగీత గీస్తాను, పక్కన ఇంకేమీ రాదు. కాగితం మధ్యలో ఆ గీత ఒంటరిగా, నడివీధిలో బట్టల్లేని మనిషిలాగా నిలబడి నన్నే చూసేది. చించేసేవాణ్ణి. బడెనయ్య అది కనిపెట్టి, "వద్దప్పా, ఆ అచ్చరం రాసి సంతకం పెడితే రేపు మంచికైనా సెడ్డకైనా నువ్వే జవాబు సెప్పుకోవాల" అన్నాడు. పెళ్ళంటే అదే కదా అని అడగడానికి నాకు తోచలేదు. రోజూ పొద్దున్నే ఈరోజు రాస్తాననుకోవడం, సాయంత్రానికి చెత్తబుట్ట నింపడం. తిండి సయించేది కాదు. నాకేదో లోపం ఉందని, అది మందులకు లొంగేది కాదని బెంగపట్టుకుంది.

చివరికి రాయలేనివాణ్ణి చెప్పనైనా చెబుదామని సెలవు పెట్టి బొగ్గు బస్సెక్కాను. యుద్ధంలో పెట్రోలు లేక బస్సుల వెనకాల బొగ్గుపొయ్యి కట్టి నడిపేవాళ్ళు. ఎత్తు వచ్చినచోటల్లా ఆగేది, అందరం దిగి తోసేవాళ్ళం. పలమనేరు దాటాక తోస్తూ తోస్తూ 'నేను చేసుకుంటానండీ, నేను చేసుకుంటానండీ' అని వల్లెవేశాను. పక్కన తోస్తున్న కూరగాయల వ్యాపారి విని, "సేసుకో అప్పా, ఎవురొద్దన్నారు? ముందు గట్టిగా తొయ్యి" అన్నాడు. మొహం నిండా మసితో మదనపల్లెలో దిగాను.

హెడ్మాష్టరయ్య వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. "సెప్పప్పా" అన్నాడు. ఆ మాట అనడంలో ఎంత మెత్తదనమో. నేను నోరు తెరిచాను. "అమ్మా నాయనా అనుకుంటాండారండీ" అన్నాను. "మంచిది. వాళ్ళు అనుకుంటాండారు. నువ్వు?" అన్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. దారంతా వల్లెవేసిన మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి, అక్కడ బడెనయ్య కూర్చుని ఉంటే చూసి వెనక్కి పోయింది. "నాకేమీ అభ్యంతరం లేదండీ" అన్నాను.

వాకిట్లోకి ఆమే వచ్చింది, చేతికి పిండి అంటుకుని ఉంది. తండ్రి వైపు చూస్తూ, "నాయనా, అభ్యంతరం లేదంటే, బావి తవ్వుకునేదానికి కచేరీలో కాగితం ఇస్తారే, అదేనా?" అని అడిగింది. కోపంగా అనలేదు, నవ్వుతూ అనలేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. ఆయన తలదించుకున్నాడు. ఆమె ఇంకా కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను మాట్లాడతానని చూసింది. నేను నా చెప్పుల మసి చూసుకుంటూ కూర్చున్నాను. ఆమె లోపలికి పోయింది. నేను వందనాలు చెప్పి లేచాను. తిరుగు బస్సు తోసినప్పుడు నాకు ఏ పాఠమూ వల్లెవేసే పని లేకపోయింది.

ఆ తరవాత కొన్నాళ్ళకే మిలిటరీలో మోటారు మెకానిక్కుగా పనిచేసి తిరిగొచ్చిన కలికిరి యువకుడు ఒకడు చర్చిలో ఆమె పాట విన్నాడు. వినడం ఆదివారం, మాట్లాడడం సోమవారం. పాస్టరయ్య లేదు, జాబు లేదు, నేరుగా హెడ్మాష్టరయ్య ఇంటికి పోయి సెల్యూటు కొట్టి, మిలిటరీలో పట్టిన ఇంగ్లీషులో "ఐ మ్యారీ యువర్ డాటర్, సార్" అన్నాడట. అందులో ఎన్ని తప్పులున్నా ఆయన ఒక్కదాన్నీ దిద్దలేదని, కూతురు వైపు తిరిగి "నువ్వేమంటావమ్మా?" అన్నాడని, ఆమె ఆ మనిషిని ఎగాదిగా చూసి సరేనందని మా అమ్మ ఎవరి నోటో విని నాకు కబురు చేసింది. కబురు చివర 'బాధపడొద్దు' అని కూడా చెప్పి పంపింది. నేను బాధపడ్డాను. కచేరీలో ఆ రోజు రాగుల లెక్కలు ఏమి రాశానో ఎవరికీ తెలియదు.

మా సంఘంలో పెళ్ళికి ముందు ఆదివారాలు వరసగా మూడుసార్లు ప్రకటన చదువుతారు. ఫలానావారి కుమారుడికీ ఫలానావారి కుమార్తెకూ పెళ్ళి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పవలసింది అని. వేలమైనా పెళ్ళైనా మా వాళ్ళు మూడుసార్లు అడగకుండా మనిషిని గానీ వస్తువును గానీ ఎవరికీ ఇవ్వరు. మొదటి ఆదివారం నేను కుప్పంలో ఉండిపోయాను. రెండో ఆదివారం పుంగనూరు దాకా వచ్చి, అక్కణ్ణుంచి కదల్లేక మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. మూడో ఆదివారం మదనపల్లె చర్చిలో మగవాళ్ళ వైపు మూడో బెంచీలో కూర్చున్నాను. ఏం చెప్పాలో నాకు తెలుసు. పెళ్ళి ఆపడానికి అది కారణం కాదనీ తెలుసు. అయినా నలుగురిలో ఒక్కసారి 'నేను' అని అనకపోతే ఇక చచ్చేదాకా అనలేనని కూడా తెలుసు. ఆడవాళ్ళ వైపు ఆమె తెల్లచీరలో కూర్చుని పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉంది.

పాస్టరయ్య ప్రకటన చదివాడు. "ఇది మూడవసారి. ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజెప్పవలెను" అన్నాడు. నేను లేచాను. నిజంగానే లేచాను, నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను. చర్చి అంతా ఒక్కసారి తిరిగి చూసింది. ఎవరి బిడ్డో దగ్గబోతే తల్లి నోరు మూసింది. హెడ్మాష్టరయ్య కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె కూడా చూసింది, ఆ చూపులో భయం లేదు, విరోధం లేదు, 'సెప్పు, ఇనాలని ఉండాది' అన్నట్టు చూసింది. పాస్టరయ్య కళ్ళద్దాలు పైకెత్తి, "ఏమప్పా? సెప్పు" అన్నాడు. నా గొంతులోంచి మాట వచ్చింది. అది నా గొంతేనని నేను గుర్తుపట్టలేకపోయాను.

"సరిగ్గా వినబడలేదండయ్యా" అన్నాను.

పాస్టరయ్య పాపం మంచి మనిషి, వయసైనవాడు. తన గొంతు తగ్గిపోతోందని ఆయనకు ముందే దిగులు. "అవునా నాయనా, కూసో కూసో" అని, ఆ కాగితం మళ్ళీ విప్పి, నాకోసం ఒక్కొక్క మాటా విడదీసి, చర్చి కప్పు అదిరేలా చదివాడు. కలికిరి కుమారుడి పేరు, తండ్రి పేరు, ఆమె పేరు, హెడ్మాష్టరయ్య పేరు, 'అభ్యంతరమున్న యెడల'తో సహా అన్నీ. చదివి, "ఇప్పుడు ఇనపడిందా?" అని నన్ను ప్రత్యేకంగా అడిగాడు. "ఇనపడిందండయ్యా" అని కూర్చున్నాను. లోకంలో ప్రేమించినవాళ్ళు ప్రియురాలి పెళ్ళికి అడ్డుపడ్డ కథలు విన్నాం, ఏడ్చిన కథలు విన్నాం. పనిగట్టుకుని లేచి ఆమె పెళ్ళి ప్రకటన నాలుగోసారి చదివించినవాణ్ణి నేనొక్కణ్ణే. వెనక బెంచీలో కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేక మోకాళ్ళ మీదికి వంగిపోయారు.

ఆరాధన అయ్యాక గుంపులో తప్పించుకు పోదామని పక్క వాకిలి పట్టాను. ఆమె అక్కడే నిలబడి ఉంది, ఒక్కతే. ఎండ మొహం మీద పడుతుంటే కళ్ళు చికిలించింది. "దేనికి లేచినావు?" అని అడిగింది. నేను నేల చూశాను. చాలాసేపు ఊరుకుంది. అంతసేపు ఎవరికోసమైనా ఊరుకునే మనిషి కాదు ఆమె. "సరేలే. పెండ్లికి తప్పకుండా రా అన్నా" అంది.

అన్నా అంది. పాస్టరయ్య నాలుగుసార్లు చదివినా తెగనిది ఆ ఒక్క మాటతో తెగింది. పుంగనూరు దాకా బస్సెక్కకుండా నడుద్దామని బయలుదేరాను, ఊరు దాటాక చెప్పు తెగి, ఎద్దులబండి వాణ్ణి బతిమాలుకున్నాను. దుఃఖంలో ఉన్నవాడికి కూడా కాలు నొస్తుందని అప్పుడే తెలిసింది.

పెళ్ళికి పోయాను. తిన్నాను. (మటన్ బాగుంది.) ఆ తరవాత నాకూ మా అమ్మ సంబంధం చూసింది. నా భార్య దేవత, నా తరఫున అన్నీ తనే చెప్పేది, నాకు నోరు తెరిచే అవసరమే రాలేదు. కచేరీలో పైకి పోయి, రిటైరయ్యేనాటికి, ఎవరినీ నొప్పించకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా నాలుగు పేజీలు రాయగలవాడని జిల్లాలో పేరు తెచ్చుకున్నాను.

ఈమధ్య మదనపల్లెలో పనిపడి పోయినప్పుడు బస్టాండు పక్కన ఆ మెకానిక్కు నన్ను గుర్తుపట్టి ఇంటికి లాక్కుపోయాడు. షెడ్డు ఇప్పుడు కొడుకులు చూస్తున్నారు. వెనకాలే ఇల్లు. ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది, గొంతు మాత్రం అట్లాగే ఉంది. కాఫీ ఇచ్చింది. ఆయన తన యుద్ధం కబుర్లు, లారీల కబుర్లు చెప్పి చెప్పి కుర్చీలోనే కునుకు తీశాడు. మేమిద్దరం ఖాళీ గ్లాసులతో కూర్చున్నాం. వీధిలో బస్సులు పోతున్నాయి. "ఇంకొంచెం పొయ్యనా?" అని ఆమె అడిగింది. ఏ కారణమో, ఆ రోజు నాలుక మీద ఎవరూ కూర్చుని లేరు.

"పొయ్యమ్మా, నాకు కావాల" అన్నాను.

ఆమె చెంబు పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నా మొహం చూసి చిన్నగా నవ్వి, గ్లాసు నిండా పోసింది. అందులో చక్కెర ఎక్కువైంది. డాక్టరు నన్ను చక్కెర ముట్టొద్దన్నాడు. ఆ సంగతి చెప్పకుండా చివరి చుక్క దాకా తాగాను.